పసికందు కంట్లో తెల్లపొర ఎవరి కర్మ?

పుట్టిన బిడ్డ కంటిపాప తెల్లగా కనిపిస్తే మన పేటల్లో ముందుగా తల్లిని బోనెక్కిస్తారు. గ్రహణం పూట బయట తిరిగిందంటారు. పంచాంగం చెప్పే పంతులైతే పూర్వజన్మ కర్మ అంటాడు. మనల్ని ఊరి బయట పెట్టింది కూడా ఈ కర్మ పేరు చెప్పే కదా! ఆ మాట వినగానే మనకి అనుమానం రావాలి.

పిల్లలు అలా పుట్టడానికి కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి రుబెల్లా అనే వైరస్. జర్మన్ తట్టు అని కూడా అంటారు. కడుపుతో ఉన్నామెకి రెండు మూడు రోజులు కాస్త జ్వరం, ఒంటిమీద ఎర్రటి దద్దు. ఒక్కోసారి అదీ ఉండదు. చెరుకు నరకడానికో నాట్లకో వెళ్ళిపోతుంది. తనకి జబ్బు చేసిందనే తెలీదు. అది మొదటి మూడు నెలల్లో సోకితేనే ఎక్కువ ప్రమాదం. వైరస్ మాయ దాటి బిడ్డని పట్టుకుంటుంది. కంట్లో శుక్లం కడుతుంది, గుడ్డు చిన్నదిగా ఉండిపోతుంది. చెవుడు, గుండెజబ్బు కూడా తోడవుతాయి.

1941లో సిడ్నీ కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ శుక్లాలతో పుట్టిన 78 మంది పసిపిల్లల వివరాలు పోగేశాడు. వాళ్ళలో 68 మంది తల్లులకి కడుపుతో ఉండగా జర్మన్ తట్టు వచ్చిందని తేలింది. తల్లుల్ని తిట్టలేదు, అడిగాడు. 1969లో అమెరికాలో టీకా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మీజిల్స్-రుబెల్లా టీకా మొదలెట్టింది మాత్రం 2017లో. మన రాష్ట్రం వంతు ఆ ఆగస్టులో వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళు! ఈలోగా ప్రైవేటు క్లినిక్కుల్లో డబ్బున్నోళ్ళ పిల్లలకి పడుతూనే ఉంది.

కొందరికే టీకా పడితే ఏమవుతుందో గ్రీసు దేశం చూపించింది. అక్కడ 1975 నుంచి టీకా ఉంది, కానీ సగం మంది పిల్లలకి కూడా పడలేదు. జబ్బు తిరగడం తగ్గింది. దాంతో చిన్నప్పుడే వచ్చి పోవాల్సిన జబ్బు రాకుండా, టీకా లేకుండా ఆడపిల్లలు పెద్దయ్యారు. 1993లో జబ్బు చెలరేగితే గర్భిణులకి సోకింది. 25 మంది పిల్లలు ఆ దెబ్బతో పుట్టారు. అంటే ఉన్నోళ్ళు తమ పిల్లల్ని కాపాడుకుంటే ఆ భారం లేనోళ్ళ కడుపు మీద పడిందన్నమాట. ఒక పేటని వదిలేసి మండలమంతా వేశామని లెక్క రాసుకుంటే మనకి జరిగేదీ అదే.

ఇప్పుడు తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి సర్కారే ఉచితంగా ఇస్తోంది. రెండోది తప్పిపోయేది ఎక్కువగా వలసపోయే కూలీల పిల్లలకే. కడుపుతో ఉన్నామెకి ఈ టీకా వెయ్యకూడదు. అందుకే పిల్లలప్పుడే పడాలి.

ఇక శుక్లంతో పుట్టిన బిడ్డ సంగతి. 'పెద్దయ్యాక చూద్దాం' అనేవాళ్ళ మాట వినొద్దు. చూడటం మెదడు నేర్చుకునేది మొదటి నెలల్లోనే. ఆపరేషన్ కొన్ని వారాల్లో జరగాలి, ఏళ్ళ తర్వాత చేసినా చూపు సరిగా రాదు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుశుక్లానికి ఉచిత వైద్యం ఉంది. చోడవరం 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి విశాఖలోనే ఉంది. చంటిబిడ్డతో, బాలింతతో అక్కడికి పోవాలంటే బస్సు చార్జీ, రెండ్రోజుల కూలి పోవాలి. దారిఖర్చు ఇవ్వని ఉచితం మనకి సగమే ఉచితం.

ఆశా కార్యకర్త పుట్టిన 42 రోజుల్లోపు బాలింత ఇంటికి ఆరేడుసార్లు రావాలి. ప్రతిసారీ టార్చిలైటుతో బిడ్డ కళ్ళు చూడమని అడుగుదాం. వచ్చే గ్రామసభలో సంఘం తరపున రెండు కాగితాలు పెట్టండి. మా పేటలో రెండో డోసు పడని పిల్లల పేర్లు ఒకదాంట్లో, విశాఖ దారిఖర్చు డిమాండు ఇంకోదాంట్లో. అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.