కోటి రూపాయల పంపు

మొన్న టీ బ్రేకులో ఒకాయన "గుండె ఫెయిలైతే పంపు పెట్టేస్తారు బాసూ, టెక్నాలజీ ఉందిగా!" అన్నాడు. ఒళ్ళు మండింది. ఉందండీ, ఎవరికి?

పానగల్లో మా పెద్దనాయన నాలుగు మెట్లెక్కలేడు. హైదరాబాదు డాక్టరు గారు హార్ట్‌మేట్ 3 సంగతి చెప్పారు. ఎడమ జఠరికలోని రక్తాన్ని లాగి బృహద్ధమనిలోకి తోస్తుంది. పొట్టలోంచి బయటికొచ్చే వైరుకి బ్యాటరీలు, అవి రోజూ చార్జింగ్ పెట్టాలి (కరెంటు పోతే? అదింకో టపా). పెద్ద ట్రయల్లో అయిదేళ్ళకి సగం మందికి పైగా బతికున్నారు. ధర దాదాపు కోటి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పెంచాక 10 లక్షలు. మిగతాది నా హోమ్ లోన్ మీద టాప్-అప్పా?

"దిగుమతి సరుకు, ఏం చేస్తాం" అనకండి. 2017లో స్టెంట్ల ధరకి ప్రభుత్వం కళ్ళెం వేస్తే స్టెంట్లేం మాయమైపోలేదు. శ్రీచిత్ర వాళ్ళు తయారుచేసిన గుండె వాల్వుని 1990లోనే మనిషికి పెట్టారు. పంపుకి మాత్రం చేతులెత్తెయ్యాలా?

సాగర్ నీళ్ళని పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోస్తే మా ఉదయసముద్రం నిండుతుంది. ఆ మోటార్ల ఖర్చు రైతునొక్కణ్ణే కట్టమన్నామా?

నిన్న పెద్దనాయన ఫోన్ చేసిండు. "ఆ పంపు ముచ్చట ఏమాయెరా?" అనడిగితే, సిగ్నల్ లేదని పెట్టేశాను.