మూగవోయిన రికార్డింగులు: వాద్య విక్రేతలకును కళాశాలలకును ఒక విన్నపము

క్రిస్మసు సమీపించుచుండగా కొల్లేటి లంకగ్రామముల ప్రార్థనామందిరములలోను, ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరకు ముందు భజనబృందములలోను, ఏలూరు తాడేపల్లిగూడెముల చుట్టుపట్ల పద్యనాటక వేదికలపైని నేడు తరచుగా కనబడు వాద్యము ఎలక్ట్రానిక్ కీబోర్డు. దానిని ల్యాప్‌టాపునకు తగిలించి, స్టూడియోకు పోనక్కరలేకుండ తమ పాటను తామే రికార్డు చేసికొనవలెనని ఉబలాటపడు యువకులు ప్రతి ఊరను కలరు. అయితే గంటసేపు శ్రద్ధగా వాయించి, తీరా వినబోవునప్పటికి, తెరపై నిమిషములు సెకండ్లు సక్రమముగనే నడచుచున్నను ఒక్క స్వరమైనను వినబడక, ఈ కొసనుండి ఆ కొసవరకు నిశ్చలముగ సాగిన సన్నని గీత యొక్కటే కానవచ్చుటచే నిరుత్సాహులగువారును తక్కువ కారు. అట్టియెడ మొట్టమొదట వెలువడు మాట "కీబోర్డు పోయింది" యనునదే. నా నిశ్చితాభిప్రాయము వేరు. కీబోర్డు పోవుట అరుదు. దానిని అమ్మునాడు చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పకపోవుటయే ఈ మౌనమునకు మూలము.

కీబోర్డు వెనుకభాగమున "యు.ఎస్.బి. టు హోస్ట్" అని వ్రాయబడిన చదరపు రంధ్రము ఒకటి యుండును. దానినుండి కంప్యూటరునకు వైరు తగిలించినచో శబ్దము తనంతట తానే లోనికి పోవునని కొన్నవారందరును తలంతురు. పెక్కు కీబోర్డులలో ఆ వైరుగుండ శబ్దము పోనేపోదు. అమెరికా, జపాను దేశముల వాద్యనిర్మాతలు కూడబలుకుకొని 1983లో వెలువరించిన "మిడి" యను నిబంధన ననుసరించి, ఏ మెట్టు నొక్కబడినది, ఎంత బలముతో నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది మున్నగు వివరములు తెలుపు అంకెలు మాత్రమే అందులో పయనించును. మధ్యషడ్జముగ మనవారు తరచు వాడు 'సి' మెట్టునకు 60 అను అంకె. నొక్కిన బలమునకు 127 వరకు అంకెలు. సంగీతగ్రంథములోని స్వరలిపి ఎంత సమగ్రమైనను గాయకుడు గళమెత్తి పాడునంతవరకు ఎట్లు వినబడదో, ఈ అంకెలును కంప్యూటరులో వాటిని నాదముగ మార్చు వాద్యసాఫ్టువేరు లేనంతవరకు అట్లే వినబడవు. రికార్డింగు జరిగినది, పాట అంతయు అందున్నది, దానిని పాడువాడు లేడు. నాలుగు నిమిషముల పాట సి.డి. నాణ్యతతో శబ్దరూపమున నిలిచినచో సుమారు 40 మెగాబైట్ల చోటు ఆక్రమించును. అదే పాట మిడి రూపమున కొన్ని కిలోబైట్లకు మించకపోవుటయే పరిపాటి. ఫైలు పరిమాణమును ఒక్కసారి చూచినవాడు తన చేత చిక్కినది శబ్దమో, స్వరలిపియో తానే తెలిసికొనగలడు.

2000వ సంవత్సరమునుండి ఉచితముగ లభించుచున్న ఆడాసిటీ మన పిల్లలు విరివిగా వాడు సాఫ్టువేరు. అది శబ్దమును గ్రహించునే కాని మిడి అంకెలను రికార్డు చేయదు. యు.ఎస్.బి. వైరు తగిలించి అందులో ఎర్రబొత్తాము నొక్కినవానికి లభించునది ల్యాప్‌టాపు మైకునకు అందిన గదిలోని ఫ్యాను చప్పుడు. ఆ మైకు ఆపివేయబడియున్నచో అదియు లేదు. కొన్ని నమూనాలలో మాత్రము ఆ వైరుగుండనే శబ్దమును పోవును. అప్పుడైనను సాఫ్టువేరులో రికార్డింగు సాధనముగ ఆ కీబోర్డు పేరును ఎంచుకొననిచో ఫలితము శూన్యము.

యు.ఎస్.బి.ని విడిచి, హెడ్‌ఫోను రంధ్రమునుండి మామూలు వైరు తీసి ల్యాప్‌టాపునకు కలుపువారు మరికొందరు. ఇప్పటి ల్యాప్‌టాపులకు పెక్కింటికి పక్కభాగమున ఒకేయొక చిన్న రంధ్రము కలదు. ఆ రంధ్రము చెవికి వినిపించుటకును, మైకునుండి వినుటకును కూడ ఏర్పడినదే యైనను, మైకునకు వేరుగ నాల్గవ లోహపు తావు గల పిన్నును మాత్రమే అది గుర్తించును. మూడు తావుల స్టీరియో పిన్ను పెట్టినచో హెడ్‌ఫోను తగిలించిరని తలచి తానును శబ్దమును బయటికే పంపును. వైరునకు రెండు కొసలును ఇచ్చునవే యైనప్పుడు పుచ్చుకొనునది ఏది?

మైకుల, వాద్యముల శబ్దమును కంప్యూటరునకు అందించు ఆడియో ఇంటర్‌ఫేసు అను పెట్టెను కొని తెచ్చుకొన్నవారికిని ఈ చిక్కు తప్పదు. వారికి కలుగునది అన్నిటికంటె విచిత్రమైనది కనుక కొంచెము వివరింపవలసియున్నది. దూరమునుండి వచ్చు మైకు వైర్లు దారిలో పట్టుకొనివచ్చు కరెంటు రొదను తొలగించుటకై, ఇంటర్‌ఫేసులోని బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ తనలో దూరిన పిన్ను యొక్క రెండు తావులలోని సంకేతములను ఒకదానినుండి మరొకదానిని తీసివేసి, భేదమును మాత్రమే గ్రహించును. కీబోర్డు హెడ్‌ఫోను రంధ్రమునుండి వచ్చు స్టీరియో పిన్నులో ఒక తావు ఎడమ చెవికి, రెండవది కుడి చెవికి. ఆ రెంటను సమానముగ నున్న నాదము, అనగా నట్టనడుమ వినబడవలసిన నాదము, ఒకటినుండి ఒకటి తీసివేసినట్లు పూర్తిగా మాయమగును. మిగులునది రెండు ప్రక్కలకు భిన్నముగ చల్లబడిన ప్రతిధ్వని శేషము. రాగము పోయి దాని వెనుకటి రీంకారము మాత్రము వినబడుచున్నదని ఎవరైన వాపోయినచో కారణము దాదాపు నిశ్చయముగ ఇదియే. ఒక కొసన స్టీరియో పిన్ను, రెండవ కొసన రెండు మోనో పిన్నులు గల వై కేబులు తెచ్చి, ఇంటర్‌ఫేసునందలి రెండు రంధ్రములలో చెరియొకటి పెట్టినంతనే పోయిన పాట తిరిగి వచ్చును. కొత్త కీబోర్డు వెలయెక్కడ, ఈ వైరు వెలయెక్కడ!

ఇక చిన్న కారణములు. హెడ్‌ఫోను రంధ్రమున పిన్ను పెట్టగానే కీబోర్డు స్పీకర్లు ఆగిపోవుట సహజము. అంతమాత్రమున భయపడి వాల్యూమును పూర్తిగా తగ్గించినచో రికార్డింగునకును ఏమియు అందదు. విండోసులో మైకు అనుమతి నిరాకరింపబడియున్నచో, వైర్లన్నియు సరియైనను సాఫ్టువేరునకు మౌనమే దక్కును. కొల్లేటి గాలిలోని చెమ్మకు పిన్నులు చిలుమెక్కుటయు కలదు గాని, దానివలన శబ్దము తెగితెగి వచ్చుటయే యెక్కువ.

ఇంత చిన్న విషయమునకు పత్రికలో ఇంత చోటు వలయునా యని కొందరు అడుగవచ్చును. వారికి బదులుగా కీబోర్డునకు ముందు మన వేదికల నేలిన హార్మోనియము కథను గుర్తుచేయుదును. హార్మోనియము గమకములను పలికింపజాలదను కారణముచే 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించి, మూడు దశాబ్దములపాటు దూరముగనే యుంచినది. ఆ కాలమున మన వేదికలపై పద్యమునకు ప్రాణము పోసిన హార్మోనిస్టుల పనితనమునకు ఆ వాద్యముపై రేడియోలో తావు లేకపోయెను. రికార్డు చేయు యంత్రము సామాన్యుని యింట లేదు. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రము వెలసిన తరువాతనైనను ఆ నిషేధము అట్లే సాగెను. నేడు యంత్రము ప్రతి యింట కలదు, నిషేధించువాడు లేడు. అయినను ఒక లంకగ్రామపు భజనగురువు తన డెబ్బదియవ యేట వాయించిన వరుస తప్పు వైరు మూలమున నిలువక పోయినచో, ఆ నష్టము ఆనాటి నష్టమునకు ఏమాత్రము తీసిపోదని నా నమ్మకము. ఆయన మరల వాయింపగలడో లేదో ఎవరు చెప్పగలరు?

కావున కీబోర్డులు అమ్ము వర్తకులారా! వాద్యముతో లభించు పుస్తకము తెలుగులో ఉండుట నే నెన్నడును చూడలేదు. మీరు ఒక్క కాగితముపై, ఈ రంధ్రమునుండి అంకెలు పోవును, ఈ రంధ్రమునుండి శబ్దము పోవును, దీనికి ఈ వైరు వాడుడు అని తెలుగున అచ్చువేయించి పెట్టెలో ఉంచుడు. తాడేపల్లిగూడెములో 2015నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నడచుచున్నది. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి పేర వెలసిన విద్యాసంస్థలు కలవు. అచ్చటి ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ఏడాదికొక ఆదివారము తమ వైర్లు, మీటర్లు తీసికొని కైకలూరునకో, ఆకివీడునకో వచ్చి, భజనబృందముల వాద్యములను పరీక్షించి చూపుదురు గాక. వాయించువారికి నేను చెప్పునది ఒక్కటే: పాట ఆరంభించుటకు ముందు ఒక మెట్టు నొక్కి, తెరపై శబ్దబలమును చూపు పచ్చగీత కదలుచున్నదో లేదో చూడుడు, పది సెకండ్లు రికార్డు చేసి, ఆపి, వినుడు, అటుపిమ్మటనే గురువుగారిని కూర్చుండబెట్టుడు.