నూనె పొర మీద నడిచే బండి

ట్రాక్టరు ఉన్న ఇంట్లో అందరికీ గుండె గుభేల్‌మనిపించే మాట ఒకటుంది. 'ఇంజన్ విప్పాలి' అని మేస్త్రీ అనడమే! అదీ నాట్ల ముందో, కోతలప్పుడో అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఇటు పని ఆగుతుంది, అటు కిస్తీ ఆగదు.

నల్లగొండ, పాలమూరు పల్లెలకు డీజిల్ ఇంజన్ కొత్త చుట్టమేమీ కాదు. మోట కొట్టిన బావుల మీదికి ఒకప్పుడు ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. కరెంటు మోటార్లొచ్చి వాటిని మూలన కూర్చోబెట్టాయి. అయినా ఇంజన్ మనల్ని వదల్లేదు. ట్రాక్టరై చెల్కల్లోకి, కోత మిషనై వరి మళ్లలోకి, లారీ అయి 65, 44 నంబరు జాతీయ రహదారుల మీదికి వెళ్లింది. అందుకే ఆ ఇంజన్ కడుపులోని ఓ చిన్న భాగం గురించి ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి. అదే కనెక్టింగ్ రాడ్ బేరింగు.

గుండ్లు లేని బేరింగు

బేరింగు అనగానే సైకిల్ చక్రంలోని గుండ్లు గుర్తొస్తాయి. ఇందులో అవేవీ ఉండవు. గాజును నిలువునా రెండు ముక్కలు చేసినట్టుండే పలుచటి రేకులివి. వెనక ఉక్కు, లోపల మెత్తటి లోహపు పూత. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్ పెద్ద కన్నంలో ఇవి కూర్చుంటాయి. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌లో నిమిషానికి 1,000 సార్లు డీజిల్ మండుతుంది. ప్రతిసారీ టన్నుల కొద్దీ బరువు ఈ రేకుల మీదే పడుతుంది. మరి నుజ్జయిపోవేం?

ఎందుకంటే, క్రాంక్ వాటిని దాదాపుగా తాకదు. మధ్యలో నూనె పొర ఉంటుంది. ఈ సంగతిని 1883లో ఇంగ్లండులో బీషాం టవర్ అనే ఇంజనీరు ప్రయోగంలో గమనించారు. రైలు ఇరుసు బేరింగుకున్న నూనె కన్నాన్ని చెక్క బిరడాతో మూస్తే, లోపలి నూనె ఒత్తిడికి ఆ బిరడా బయటికి వచ్చేసిందట! తిరిగే ఇరుసే నూనెను లోపలికి లాక్కుని, దాని మీద తేలుతుందన్న మాట. ఆ లెక్కను 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ తేల్చి చెప్పారు.

ఈ పొర నిలవాలంటే సందు సరిగ్గా ఉండాలి. చాలా ఇంజన్లలో ఇది తల వెంట్రుక మందానికి అటూ ఇటూ. ఎక్కువైతే నూనె కారిపోయి ఒత్తిడి పడిపోతుంది, టకటక మొదలవుతుంది. తక్కువైతే వేడెక్కి పట్టేస్తుంది.

మేస్త్రీని ఏమడగాలి?

పాత రేకులు తీసి కొత్తవి పెడితే సరిపోదు. ముందు క్రాంక్‌ను మైక్రోమీటరుతో కొలవాలి. అరిగితే లేత్ షాపులో గ్రైండింగ్ చేయించి, ఎంత తగ్గిందో అంత మందం ఎక్కువున్న బేరింగే వేయాలి. 0.25, 0.50 మిల్లీమీటర్ల సైజులు దొరికేది అందుకే. గ్రైండింగ్ తర్వాత క్రాంక్‌లోని నూనె దారులు కడిగారా లేదా అడగండి. అక్కడ మిగిలిన ఉక్కు పొడి కొత్త బేరింగును కొద్ది గంటల్లోనే తినేస్తుంది.

ఏ రాడ్ మూత ఆ రాడ్‌కే పడాలి. రేకు వెనక వైపు పొడిగా, శుభ్రంగా ఉండాలి. నూనె రాయాల్సింది లోపలి వైపే. రేకు అంచులు వెంట్రుకవాసి పైకి కనిపిస్తే ఆకురాయితో అరగదీయకూడదు. బిగించినప్పుడు రేకును కదలకుండా పట్టి ఉంచేది ఆ కాస్త ఎత్తే. అరిగిన బేరింగు వెనక కాగితం ముక్క పెట్టి సర్దడం అసలే వద్దు. నట్లు చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచీతో, కంపెనీ పుస్తకం చెప్పినంతే బిగించాలి. ఒక్కో రాడ్ బిగించాక క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడాలి. బిగుసుకుంటే అక్కడే ఆగాలి.

అసలు అంతదాకా రాకుండా చూసుకునే పని మాత్రం ఇంట్లో వాళ్లదే. మన ఎర్రదుమ్ము ఇంజన్‌కు పెద్ద శత్రువు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయడం, గంటల లెక్క ప్రకారం ఆయిల్ మార్చడం మరవద్దు. నూనె ఎర్రలైటు వెలిగినా, అడుగు నుంచి కొత్తగా టకటక వినిపించినా 'ఈ ఒక్క సాలు దున్నేద్దాం' అనుకోకుండా వెంటనే ఆపేయండి. అప్పుడు ఆపితే బేరింగులతో పోవచ్చు. ఆపకపోతే క్రాంక్, రాడ్, ఒక్కోసారి ఇంజన్ బ్లాకే పోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఈసారి షెడ్డుకెళ్తే పాత బేరింగులు చేతికి తీసుకుని చూడండి. గీతలుంటే దుమ్ము, ఒక పక్కే అరిగితే వంకర రాడ్, మాడి నల్లబడితే నూనె కరువు. జబ్బేమిటో ఆ రేకులే చెబుతాయి. అది తెలుసుకోకుండా కొత్తవి వేస్తే, వాటికీ అదే గతి.