బ్యాకప్పుకి చోటుంది, రిస్టోరుకే లేదు

మా కన్సల్టెంట్లకి క్లయింటు మారినా, ఊరు మారినా వినబడే మాట ఒకటుంది: "బ్యాకప్పులు రోజూ నడుస్తున్నాయి, ఆ బెంగేం లేదు." డల్లాస్‌లో విన్నాను, న్యూజెర్సీలోనూ విన్నాను. సరే, వాటిల్లో ఒక్కటైనా ఎప్పుడైనా రిస్టోరు చేసి చూశారా అని అడిగితే మాత్రం కాల్లో అందరి మైకులూ మ్యూట్ అయిపోతాయి.

నన్నడిగితే, రిస్టోరు చేయడానికి చోటు లేని బ్యాకప్పు అసలు బ్యాకప్పే కాదు.

ఈమధ్య ఒక క్లయింటు దగ్గర బ్యాకప్ ఫైలు 180 జీబీ. టెస్టు వర్చువల్ మెషీన్లో ఖాళీ 400 జీబీ. "రెట్టింపు ఉందిగా!" అన్నాడు మేనేజరు. ఆ రాత్రి హైదరాబాదు నుంచి కుర్రాడి ఫోను. "అన్నా, 900 జీబీ కావాలంటోంది, ఇదేం విడ్డూరం?"

విడ్డూరమేం లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్పులోకి ఖాళీ పేజీలు ఎక్కవు, పైగా కంప్రెస్ చేసి కూడా ఉండొచ్చు. రిస్టోరు చేసేటప్పుడు మాత్రం డేటా ఫైలూ, లాగ్ ఫైలూ అసలు సైజులోనే మళ్ళీ పుట్టాలి. బిగించి కట్టిన పత్తి బేలు విప్పితే గదంతా నిండినట్టన్నమాట. ఎంత చోటు కావాలో ముందే చెప్పడానికి రిస్టోర్ ఫైల్‌లిస్ట్‌ఓన్లీ అనే ఒక్క కమాండు చాలు. నిమిషం పని.

ఆ నిమిషం ముందు పెట్టకపోతే ఏమవుతుంది? స్నాప్‌షాట్ ఉంటే వీఎమ్‌వేర్ డిస్కు పెంచనివ్వదు. దాన్ని తీసేసి పెంచితే, విండోస్‌లో సీ డ్రైవు పక్కన రికవరీ పార్టిషను అడ్డంగా కూర్చునుంటుంది. పాత ఎంబీఆర్ డిస్కయితే 2 టీబీ దాటదు. థిన్ డిస్కే కదా అని ధీమాగా పెంచేస్తే, కింద డేటాస్టోరు నిండిపోయి పక్క మెషీన్లు కూడా ఆగిపోవచ్చు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఇదే.

"అంత డిస్కు ఎప్పుడూ ఉంచితే ఖర్చు కాదా?" అంటారు. ఎప్పుడూ ఎందుకండీ? పెంచిన వర్చువల్ డిస్కుని వీఎమ్‌వేర్‌లో మళ్ళీ తగ్గించలేం. కాబట్టి ఉన్నదాన్ని పెంచకుండా కొత్తది ఒకటి తగిలించి, పనయ్యాక తీసేయండి. పెళ్ళికి షామియానా అద్దెకి తెస్తాం గానీ, ఇంటి మీద ఇంకో అంతస్తు వేయం కదా! డేటాస్టోరులో మాత్రం అంత చోటు ఖాళీగా ఉండేలా ముందే చూసుకోవాలి.

చిన్న కంపెనీల సంగతే అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసునే తుడిచేశాడు. బ్యాకప్పుల కోసం వెతికితే, వెర్షన్లు కలవక అవి ఎప్పట్నుంచో ఫెయిలవుతున్నాయని బయటపడింది. ఆ హెచ్చరిక మెయిళ్ళు కూడా ఎవరికీ చేరలేదు. చివరికి ఆరు గంటల ముందు టెస్టింగు కోసం తీసిన కాపీ ఒకటి ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

డిస్కు ఖర్చు బడ్జెట్లో కనబడుతుంది. హైదరాబాదు కుర్రాడు తెల్లార్లూ కూర్చున్న రాత్రి ఏ లెక్కలోనూ కనబడదు. అందుకే బ్యాకప్పుకి డబ్బులడిగే కాగితంలోనే రిస్టోరుకి చోటు కూడా అడగాలి, మూడు నెలలకోసారి చేసి చూడాలి. మీ ఆఫీసులో చివరిసారి ఎప్పుడు చేశారో రేపే అడిగి చూడండి. మైకులు మ్యూట్ అయితే విషయం మీకే అర్థమవుతుంది.