ఎదురుగాలి సీమలో సైకిలు

పుష్యమాసపు ఆదివారమునాడు, ప్రొద్దు బారెడెక్కిన వేళ, లేపాక్షిలో ఆ మహానందీశ్వరుని ముంగిట నిలిచి చూచినచో, సన్నని చక్రముల సైకిళ్లను గోడకు ఆనించి, టీకొట్టు బల్లపై కాళ్లు చాచుకొని సేదదీరుచున్న యాత్రికులు పదిమందియో ఇరువదిమందియో కనబడుట ఇటీవల అరుదు కాదు. వారు బెంగళూరువారు. చీకటితో బయలుదేరి, దేవనహళ్లి, చిక్కబళ్లాపురము, బాగేపల్లి మీదుగా నూరు కిలోమీటర్లకు పైగా త్రొక్కి, మన పొలిమేర దాటి, కొడికొండ వద్ద పెద్దరోడ్డు విడిచి లోపలికి వచ్చి, నందిని చూచి, వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములను తలయెత్తి చూచి, మరల వచ్చిన త్రోవనే పోవుదురు. నా పాత సైకిలుపై వారి వెంట కొంతదూరము పోయి నిలిచిపోవుట నాకు అలవాటు. నిలిచినప్పుడెల్ల తోచు మాట ఒక్కటే: వీరు వెనుదిరిగిన చోటనే కదా మన సీమలోని మంచి దారులన్నియు మొదలగుచున్నవి!

మధ్యధరా సముద్రములో, స్పెయినుదేశపు ఏలుబడిలో, మయోర్కా యను ద్వీపమొకటి కలదు. వైశాల్యమున అది మన శ్రీ సత్యసాయి జిల్లాలో సగమైనను లేదు. దాని శిఖరములలోకెల్ల పెద్దదియు మన పొరుగుననున్న నందికొండ కంటె ఎత్తైనది కాదు. వేసవిలో సముద్రస్నానార్థము వచ్చు ఐరోపావారి రాకపై బ్రదుకు ఆ దీవిలో, చలికాలము రాగానే హోటళ్లు మూతపడి, వంటవారును పరిచారకులును పనిలేక దినములు లెక్కించుకొను అవస్థ యుండెడిది. ఆ శూన్యమాసములను నింపినవానిలో ముఖ్యమైనది సైకిలు. బాదముచెట్లు పూచు ఫిబ్రవరి మొదలుకొని మే వరకు జర్మనులు, ఆంగ్లేయులు, ఉత్తరదేశములవారు వేలకొలదిగా వచ్చి, సైకిలు అద్దెకు తీసికొనియో వెంట తెచ్చుకొనియో, పగలెల్ల త్రొక్కి, సాయంకాలము ఆ ఊరి వంట తిని, ఆ ఊరనే నిద్రించుదురు. వృత్తిపందెగాండ్రు సైతము సంవత్సరారంభపు సాధనకు అచ్చటికే చేరుదురు. వారి పందెములు 1992 నుండి జరుగుచున్నవి. సామాన్యులకై 2010లో మొదలైన మరియొక మహాయాత్రకు 312 అను సంఖ్యయే పేరులో భాగము; ఒక్కనాటిలో త్రొక్కవలసిన కిలోమీటర్లవి.

ఆ దీవిలో సా కలోబ్రా అను రేవునకు దిగు దారిని గూర్చి చెప్పక పోజాలను. 1932లో ఆంటోనియో పరియెత్తి అను ఇంజనీరు దానిని నిర్మించెను. పది కిలోమీటర్లకు కొంచెము తక్కువయైన నిడివిలో అది సుమారు 670 మీటర్లు దిగును. సొరంగమన్నది లేకుండ, దారినే పామువలె మెలికలు త్రిప్పి, వాలును సగటున నూటికి ఏడు మీటర్లకు తెచ్చి, ఒకచోట దారి తన క్రిందుగా తానే దూరిపోవునట్లు టై ముడివలె చుట్టివేసెను. అవతల సముద్రమే కాని వేరు త్రోవ లేదు. కనుక దిగినవాడు దిగినంతయు తిరిగి ఎక్కవలసినదే. ఐరోపాలోని సైకిలువారు ఒక్కమారైనను ఎక్కగోరు ఈ దారి సైకిలువారికై వేసినది కాదు, సముద్రతీరమును చూడవచ్చు మోటారు యాత్రికులకై వేసినది. దీవివారు సైకిలుకొరకు క్రొత్తగా కట్టినది స్వల్పము. ఉన్నదానిని ఆదరించుట నేర్చినది అధికము. కొండ మొదట, ఎంతదూరము ఎంత ఎత్తు ఎక్కవలెనో తెలుపు పలకలు నాటిరి. సైకిలును దాటిపోవు మోటారు కనీసము మీటరున్నర ఎడము విడువవలెనని స్పెయిను శాసనము. మరియు, అతిథులు వెల్లువగా రాకముందే ఆ దీవివారికి సైకిలుపై మక్కువ కలదు: ఫెలనిచ్ ఊరివాడైన గియెం తిమొనేర్, మోటారుబండి వెనుక అంటిపెట్టుకొని త్రొక్కు పందెమున, 1955కును 1965కును నడుమ ఆరుమార్లు ప్రపంచ విజేత యయ్యెను. తాము ప్రేమించినదానినే వారు పరులకు చూపిరి. మన విషయమున నేను చెప్పదలచినదంతయు ఈ వాక్యములోనే యున్నది.

ఇక మన సీమ. హిందూపురము సముద్రమట్టమునకు ఆరువందల మీటర్ల పైనున్న ఊరు. ఇచ్చటి మార్గశిర పుష్యముల ఉదయములు ఎంత హాయియో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. వాన తక్కువయన్న మాటను తరతరములుగా మన దౌర్భాగ్యముగా చెప్పుకొంటిమి. రైతునకు అది నిజము, దుఃఖము. కాని పొడిదారిని వెదకికొనుచు దేశదేశములు తిరుగు సైకిలువానికి ఈ నిర్మలాకాశమే పిలుపు. హిందూపురపు చింతపండు, బెల్లము మండీలను దాటి, సోమందేపల్లి మీదుగా ఉత్తరమునకు సుమారు నలువది కిలోమీటర్లు పోయినచో పెనుకొండ. 1565లో రక్కసితంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట తిరుమలదేవరాయలు రాజధానిని మార్చుకొన్న ఘనగిరి యిదియే. గగనమహలును, పార్శ్వనాథుని బసదిని, బాబయ్య దర్గాను, కొండపైకి ప్రాకిన కోటగోడలను మోటారులో పోవువాడు అద్దము చాటున ఒక నిమిషములో దాటిపోవును. సైకిలుపై వచ్చువానికి ఆ కొండ గంటసేపు ఎదుట నిలిచి, క్రమక్రమముగా పెరిగి, గుండ్లు గుండ్లుగా విడివడి, బురుజులు బురుజులుగా తెలియవచ్చును. పుట్టపర్తి నారాయణాచార్యులవారు చిన్ననాడే పెనుగొండలక్ష్మిని రచించిరనియు, అదియే పిమ్మట తమ విద్వాన్ పరీక్షకు వారికి పాఠ్యమయ్యెననియు తెలుగువారందరు ఎరుగుదురు. ఆ కావ్యము నడచుచు చూచిన కండ్లనుండి పుట్టినది కాని పరుగెత్తుచు చూచిన కండ్లనుండి కాదని నా నమ్మకము.

పెనుకొండనుండి పడమరకు పోయిన పెన్న ఒడ్డున రొద్దము, తూర్పునకు పోయిన బుక్కపట్టణపు చెరువు, చిత్రావతి, పుట్టపర్తి. ఉత్తరమునకు పోయిన గాలి రాజ్యము. రామగిరి కొండలపై బారులుతీరిన గాలిమరలు దూరమునుండియే ఆ సంగతి తెలుపును. మయోర్కా మైదానములోని పాత గాలిమరలు బావులనుండి నీరు తోడెడివి. ఇచ్చటివి విద్యుత్తును పుట్టించును. గాలి మాత్రము రెండుచోట్లను సైకిలువానిని ఒకే తీరున పరీక్షించును. ఆషాఢమున నైరుతిగాలి వీపు చరచి ధర్మవరము చేర్చును. మరలునప్పుడు అదే గాలి రొమ్మునకు అడ్డుపడును. ఎదురుగాలిలో ఒంటరిగా త్రొక్కుట కొండనెక్కుటతో సమానము. పందెగాండ్రు ఒకని వెనుక నొకడు అంటిపెట్టుకొని పోవుట చూపునకు అందముగా నుండును కాని అది అందమునకై కాదు. ముందువాడు గాలిని చీల్చగా వెనుకవానికి శ్రమ తగ్గును. అలసిన ముందువాడు ప్రక్కకు తొలగి తుదకు చేరగా రెండవవాడు రొమ్ము ముందుకు తెచ్చును. ఒకరినొకరు ఓడింపదలచినవారు సైతము గమ్యము చేరువవరకు ఒకరికొకరు నీడగా నుండక తప్పదు.

ధర్మవరము చేరినవానికి మొదట వినవచ్చునది మగ్గపు చప్పుడు. తన తల్లి ధర్మాంబ పేర క్రియాశక్తి ఒడయరు ఈ ఊరు నిలిపి చెరువు కట్టించెనని చెప్పుదురు. గుంటమగ్గములో కూర్చున్న నేతగాని కాళ్లు తొక్కుడుచెక్కలపై ఆడుట చూచినప్పుడు, ఆ దినమంతయు త్రొక్కి వచ్చినవానికి కలుగు సౌహార్దము వేరొకరికి కలుగదు. లేపాక్షి కప్పుమీద ప్రొద్దున చూచిన అంచుల వన్నెలు సాయంకాలము పట్టుచీరపై మరల కనబడుట ఈ త్రోవకే దక్కిన భాగ్యము. అలసినవానికి చింతయు లేదు: హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును ఒకే రైలుమార్గముపై నున్నవి.

ఇన్ని యుండియు మనమేమి చేసితిమి? నా బాల్యమున హిందూపురములో గంటకింతయని సైకిలు అద్దెకిచ్చు అంగళ్లుండెడివి. చట్రము నడుమనుండి కాలు దూర్చి, బండి ఒకవైపునకును దేహము మరియొకవైపునకును వంచి త్రొక్కుట నేర్చితిమి. గంట ముగియకముందే అంగడి చేరవలెనను ఆతురతయే మా మొదటి పందెము. పల్లె బయళ్లలో ఒకడు వచ్చి, వారము దినములు నేల కాలు మోపక, రాత్రింబగళ్లు వలయాకారముగా సైకిలు త్రొక్కుచు, దానిపైననే స్నానము చేసి, దానిపైననే అన్నము తినుచుండగా, ఊరంతయు లాంతర్లు పట్టుకొని చుట్టు కూర్చుండెడిది. వానికి పతకము లేదు. తుదినాడు దండవేసి చిల్లర పోగుచేసి యిచ్చెడివారు. ఓర్పుతో చేయు సైకిలు విద్యను చూచి మెచ్చుట మన జనులకు క్రొత్తగా నేర్పవలసిన పనిలేదు.

కాని ఆ సైకిలునకు నేడు త్రోవ లేదు. నాలుగు వరుసల జాతీయరహదారి వచ్చినది, దానివలన వర్తకమును, పెనుకొండ చెంతకు కార్ల కర్మాగారమును వచ్చినవి, సంతోషమే. అయినను పాలక్యానులవాడును, పట్టుమూట కట్టుకొన్న నేతగాడును, బడికిపోవు బాలికయు ఆ లారీల ప్రక్కన తెల్లగీత అంచు పట్టుకొని ప్రాణములు అరచేత నిడుకొని పోవుచున్నారు. రెండేండ్ల క్రిందట ఒక సాయంకాలము నన్ను రాచుకొనిపోయిన లారీ గాలికే నేను అంచుననున్న కంకరపై పడితిని. మోచేతి మచ్చ నేటికిని మాయలేదు. తొమ్మిదవ తరగతి బాలికలకు బడికొస్తా పేరిట ప్రభుత్వము సైకిళ్లిచ్చెను, మంచిపని. సైకిలునిచ్చినవారు, దానిని త్రొక్కుకొని బడిచేరుటకు బారెడు చోటిచ్చుట మరువరాదు. పల్లెదారుల వెడల్పు పెంచునప్పుడు అటునిటునున్న చింతమ్రాకులను కొట్టివేసి, ఎండలో కాగు నల్లని తారును మిగుల్చుట మరియొక తప్పు; నీడ లేనిదే ఈ సీమలో కాలినడకయు లేదు, సైకిలును లేదు.

కరవు సీమకు సైకిలు విలాసమేలయని పెద్దలు కొందరు అందురు. వారి బాధ నాకు తెలియును. కాని వారు ఒక సంగతి గమనింపవలెను. మోటారులో వచ్చినవాడు గంటలో చూచి, రాత్రికి బెంగళూరు చేరి అచ్చటనే భుజించును. సైకిలువాడు వేగము లేనివాడు గనుక మన యూర ఆగవలెను. ఆకలిగొన్నవాడు గనుక ముద్దయు, చిత్రాన్నమును, వేరుశనగ చట్నియు అడిగి తినవలెను. అలసినవాడు గనుక ఒక రాత్రి నిద్రింపవలెను. మూడు ఊళ్లను మూడు దినములలో చూచువాడు మూడు పూటకూళ్ల యిండ్లకు అన్నము పెట్టినవాడే. వానికి కావలసినది పాలరాతి భవనము కాదు: త్రోవలో మంచినీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, పంక్చరు వేయు మనిషి, రైలులో సైకిలు పెట్టుకొను చోటు, కుక్కలను అదలించు ఒక పెద్దమనిషి.

కనుక నా కోరిక ఇది. జిల్లా అధికారులు పెద్ద ప్రణాళికలకు పోక, మొదట ఒక్క దారిని ఎన్నుకొనవలెను. హిందూపురమునుండి లేపాక్షికి పోవు సుమారు పదునైదు కిలోమీటర్ల దారి చాలును. అటునిటు మీటరున్నర మట్టిని చదునుచేసి, కానుగమొక్కలు నాటి, ఎక్కుడు మొదట ఎత్తు తెలుపు రాయి నాటవలెను. మార్గశిరమున ఒక ఆదివారము, తెల్లవారినది మొదలు తొమ్మిది గంటల వరకు, ఆ దారిని మోటారులకు మూసి పందెము పెట్టవలెను. బెంగళూరు, హైదరాబాదు వీరులు రావచ్చును, వారి నలుగురైదుగురి వరుసను చూచి మన పిల్లలు నేర్వవచ్చును. కాని మొదటి పందెము వారిది కారాదు. మొదటిది బడిపిల్లలది, బడిసైకిళ్లపైననే. రెండవది పాలవారిది, క్యానులు నీటితో నింపి, చుక్క ఒలకకుండ. నందీశ్వరుని ముంగిట గీత గీయవలెను. బెంగళూరువారు తమ సన్నచక్రముల సైకిళ్లను గోడకు ఆనించి, టీగ్లాసులు చేతబట్టుకొని, ఆ గీత ప్రక్కన నిలిచి, ఎవరు ముందువచ్చెదరో అని మనవారికొరకు దారి చూడవలెను.