వదిలేయడానికే పట్టడం

జులై వస్తే చాలు, బోస్టన్‌లో ఉండే మా అన్నయ్య ఫ్యామిలీ గ్రూప్‌లో చేపల ఫొటోలు మొదలుపెడతాడు. స్ట్రైప్డ్ బాస్ అని, ఒంటి మీద నల్ల చారలుండే పెద్ద చేప. కింద ప్రతిసారీ ఒకటే లైను: 'ఫొటో తీసి వదిలేశాం'. నాకు ఆ వదిలేయడం మీదే డౌటు.

బతికున్న ఎర పనిచేస్తుంది, అందులో వాదన లేదు. వసంతంలో చీసపీక్ బే నదుల్లో, హడ్సన్‌లో గుడ్లు పెట్టిన పెద్ద ఆడచేపలు వేసవికి చల్లటి నీళ్ళు వెతుక్కుంటూ న్యూ ఇంగ్లాండ్ తీరానికి వెళ్తాయి. అక్కడ మెన్‌హేడెన్ అనే చేపల గుంపుల వెంట తిరుగుతాయి. ఆ మెన్‌హేడెన్‌నే బతికుండగా గాలానికి గుచ్చినా, రాత్రిపూట ఈల్ (మన మలుగుపాము లాంటిది) వేసినా, ప్లాస్టిక్ ఎరను పట్టించుకోని చేప కూడా లొంగుతుంది. 2011 ఆగస్టులో కనెటికట్ తీరంలో గ్రెగ్ మయర్సన్ పట్టిన 81.88 పౌండ్ల, అంటే 37 కిలోల ప్రపంచ రికార్డు చేప పడింది కూడా ఈల్‌కే.

చిక్కేంటంటే, బతికున్న ఎరను చేప మింగేస్తుంది. మామూలు గాలం లోపల గొంతులో దిగుతుంది. అందుకే ఎర వాడేవాళ్ళకి 2021 నుంచి సర్కిల్ హుక్ తప్పనిసరి చేశారు, అది వెనక్కి జారి మూతి మూలన పట్టుకుంటుంది. మంచి రూలే. కానీ వెచ్చటి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ. పెనుగులాడి అలిసిపోయిన చేపను ఫొటో కోసం పైకెత్తడమంటే, మనల్ని మూడంతస్తులు పరిగెత్తించి ముక్కు మూసినట్టే. 'ఈదుకుంటూ వెళ్ళిపోయింది కదరా' అంటాడు అన్నయ్య. తర్వాత ఏమైందో ఫొటోలో రాదుగా! వదిలినవాటిలో సుమారు 9 శాతం చచ్చిపోతాయని అక్కడి మత్స్య కమిషనే లెక్కల్లో వేసుకుంటుంది.

పైగా 2023 నుంచి సముద్రంలో రోజుకి ఒక్కటే, అదీ 28 నుంచి 31 అంగుళాల మధ్యదే ఉంచుకోవాలి. అంటే పెద్దదాని కోసమే ఈల్ వేసేవాడు ముందే వదిలేయడానికి సిద్ధపడి వేస్తున్నాడు. ఆ పెద్దవే లక్షల గుడ్లు పెట్టే తల్లులు. ఒకప్పుడు ఈ చేపలు ఎంత తగ్గిపోయాయంటే, మేరీలాండ్ 1985 నుంచి 1990 దాకా వేటే ఆపేసింది.

వేట వద్దనట్లేదు. మన చెరువుల్లో చిన్న చేపను గుచ్చి కొర్రమీను పట్టేవాళ్ళు కూర కోసం పడతారు, అందులో నాకు తప్పు కనపడదు. అన్నయ్య కూడా 30 అంగుళాలది పడితే తెచ్చుకుని పులుసు పెట్టుకోవచ్చు, ఆ రోజుకి అక్కడితో ఆపొచ్చు. పెద్దవాటితో సరదా కావాలంటే మాత్రం అక్టోబర్ దాకా ఆగమంటాను. అప్పటికి నీళ్ళు చల్లబడతాయి, అవే చేపలు దక్షిణానికి మళ్ళుతూ ఆ తీరం పక్కనుంచే వెళ్తాయి.