పాస్ కంటే ముందు పిల్లల్ని చూద్దాం



దీపావళి ఫొటోల సందడి తగ్గగానే మన సంఘం వాట్సాప్ గ్రూపుల్లో ఏటా వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఈసారి ఏ స్కీ పాస్ కొందాం?" మ్యూనిక్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉంటున్న మనకు ఆల్ప్స్ గంట, గంటన్నర దూరం. బవేరియా బడుల్లో ఏడో తరగతికి అటూ ఇటూగా పిల్లల్ని స్కీలాగర్‌కు, అంటే స్కీ శిబిరానికి, తీసుకెళ్తారు. తోటి పిల్లల్లో చాలామంది నాలుగైదేళ్ల వయసు నుంచే మంచు మీద తిరిగినవాళ్లు. మన పిల్లలు అక్కడికెళ్లాకే మొదటిసారి స్కీ బూట్లు తొడుక్కునే పరిస్థితి ఉండకూడదనే ఈ శీతాకాల సంచికలో ఈ విషయం ఎత్తుకున్నాం.

మేం చెప్పదలచింది ఒకటే. ఇంట్లో అందరికన్నా కొత్తగా నేర్చుకుంటున్నది ఎవరో చూసి, వాళ్లకు తగ్గ ఏరియా ఎంచుకోండి. పాస్ సంగతి ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

ప్రకటనల్లో ముందు కనిపించేవి కిలోమీటర్లే. ఇటలీలోని డొలోమిటి సూపర్‌స్కీ 1974 నుంచి నడుస్తోంది. ఇప్పుడు ఒక్క కార్డు మీద 12 ఏరియాలు, 1,200 కిలోమీటర్ల స్లోపులు వస్తాయి. ఆస్ట్రియాలో స్కీ అమడే 760 కిలోమీటర్లు. బాగా స్కీ చేసేవాళ్లకు ఇవి పండగే. మొదటి వారం నేర్చుకునే ఆరేళ్ల పాపకు మాత్రం వంద మీటర్ల మెత్తటి వాలు, నిలబడితే చాలు పైకి తీసుకెళ్లే మ్యాజిక్ కార్పెట్, దగ్గర్లో టాయిలెట్ ఉంటే సరిపోతుంది. తల్లిదండ్రులు కూడా కొత్తవాళ్లయితే ఆ వారం నాలుగు బ్లూ స్లోపులు దాటి వెళ్లరు. పెద్ద ఏరియాల్లో పెద్దవాళ్ల రోజు టికెట్ 70 యూరోలు దాటిపోయింది. వాడని కిలోమీటర్లకు అంత డబ్బు పోయడం ఎందుకు? పిండి కొద్దీ రొట్టె అని మన పెద్దలు ఊరికే అనలేదు.

పెద్ద పాస్ అమ్మేచోటే చిన్న పాస్ కూడా ఉంటుంది, అడిగి తీసుకోవాలి. డొలోమైట్స్‌లోని జైజర్ ఆల్మ్ 56 చదరపు కిలోమీటర్ల పీఠభూమి, యూరప్‌లో అంత ఎత్తున ఉన్న పచ్చికబయళ్లలో అన్నిటికన్నా పెద్దది. అక్కడి స్లోపుల్లో ఎక్కువ భాగం తేలికైనవే. దానికీ పక్కనున్న వాల్ గార్డెనాకూ కలిపి లోకల్ పాస్ ఉంది, కొత్త కుటుంబానికి అదే ఎక్కువ. ఫ్రాన్స్‌లో లే జే, మోర్జీన్ ఊళ్లకు కలిపి విడిగా పాస్ దొరుకుతుంది. 600 కిలోమీటర్ల పోర్త్ ద్యు సొలెయ్ మొత్తం కొననక్కర్లేదు. తొలి రెండు మూడు రోజులు ప్రాక్టీసు వాలు దాటకపోతే, చాలాచోట్ల దానికి మాత్రమే టికెట్టో, గంటల లెక్కన టికెట్టో అమ్ముతారు. స్కీ స్కూల్ ఫీజులో లిఫ్ట్ టికెట్ కలిసి ఉందో లేదో ముందే కనుక్కోండి.

పిల్లలున్న ఇళ్లకు మేం గట్టిగా సిఫారసు చేసే ఊరు టిరోల్‌లోని జెర్ఫౌస్. కారు ఊరి మొదట్లో పార్కింగ్‌లో పెట్టేసి, 1985 నుంచి నడుస్తున్న భూగర్భ రైలెక్కితే తిన్నగా లిఫ్ట్ స్టేషన్ దగ్గర దిగొచ్చు. బరువైన బూట్లతో, నిద్రమొహం పిల్లలతో, రెండు జతల స్కీలతో మంచు రోడ్డు మీద నడవాల్సిన పని ఉండదు. పైన మధ్య స్టేషన్ దగ్గర పిల్లల కోసమే విశాలమైన ఆవరణ కట్టారు. స్విట్జర్లాండ్‌లో గ్రేఖెన్ కూడా పిల్లలకు బాగా నప్పే ఊరే. అక్కడి గొండోలాలో కూర్చుంటే పైకి చేరేలోపు పిల్లలు కథలు వింటారు. ఇంటికి దగ్గర్లో కావాలంటే లెంగ్రీస్ పక్కనున్న బ్రౌనెక్ ఉంది, మ్యూనిక్ నుంచి రైల్లోనే వెళ్లొచ్చు.

సీజన్ పాస్ కొనేముందు చిన్న లెక్క వేసుకోండి. పాస్ ధరను రోజు టికెట్ ధరతో భాగిస్తే ఎన్ని రోజులు వెళ్తే గిట్టుబాటు అవుతుందో తేలుతుంది. నిరుటి క్యాలెండర్ తీసి, జ్వరాలు, పరీక్షలు, పుట్టినరోజు పార్టీలు పోను ఎన్ని ఆదివారాలు నిజంగా ఖాళీగా దొరికాయో చూడండి. టిరోల్ స్నో కార్డుతో అక్టోబరు 1 నుంచి మే మధ్య వరకు దాదాపు 90 ఏరియాలకు వెళ్లొచ్చు. తరచూ వెళ్లేవాళ్లకు మంచి బేరం. స్విట్జర్లాండ్‌లోని మనవాళ్లకు 2017లో మొదలైన మ్యాజిక్ పాస్ ఉంది. వసంతకాలంలోనే కొంటే చవక, ఆలస్యం చేసేకొద్దీ ధర పెరుగుతుంది.

చిన్నపిల్లలకు చాలా ఏరియాల్లో పాస్ ఉచితం, కానీ వయసు పరిమితి చోటును బట్టి మారుతుంది. కొన్నిచోట్ల పుట్టిన సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకుంటారు. పిల్లల పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. బడి లేని పసివాళ్లుంటే జనవరి 7 తర్వాత పనిరోజుల్లో వెళ్లండి, క్యూలు తక్కువ, గదులు చవక. ఫాషింగ్ సెలవుల్లో తప్పదనుకుంటే చిన్న ఏరియాకే వెళ్లండి.

స్లోపుల రంగులు కూడా ముందే తెలుసుకుని వెళ్లాలి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఇటలీల్లో నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. ఫ్రాన్స్‌లో నీలం కంటే తేలికైన ఆకుపచ్చ కూడా ఉంటుంది. చిప్ కార్డును ఎడమ జేబులో పెట్టుకోండి, గేటు రీడర్ సాధారణంగా ఎడమ వైపే ఉంటుంది. పాత స్కీ కార్డు అదే జేబులో ఉంటే గేటు తెరుచుకోకపోవచ్చు.

డబ్బు ఆదా చేయకూడని చోట్లు రెండు: హెల్మెట్, బీమా. ఇటలీలో 2022 జనవరి 1 నుంచి స్కీ చేసేవాళ్లకు హాఫ్ట్‌ప్ఫ్లిష్ట్ బీమా (మన వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించేది) తప్పనిసరి. హెలికాప్టర్‌లో దించాల్సి వస్తే ఆ ఖర్చును మన హెల్త్ కార్డు వెనకనున్న యూరోపియన్ కార్డు భరించదు. జర్మన్ ఆల్పైన్ క్లబ్ డీఏవీ సభ్యత్వం తీసుకుంటే పర్వతాల మీద రెస్క్యూ బీమా అందులోనే వస్తుంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఇంట్లో వదిలేసి వెళ్లకండి. చాలాచోట్ల నడిచేవాళ్లకు విడిగా గొండోలా టికెట్ ఇస్తారు, జైజర్ ఆల్మ్‌లో శీతాకాలపు నడక దారులు ఉన్నాయి. అయితే వాళ్లను సుగ్‌ష్పిట్సె శిఖరం మీదికి తీసుకెళ్లాలనుకుంటే, దాని ఎత్తు 2,962 మీటర్లని గుర్తుంచుకోండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే అంత ఎత్తుకు వెళ్లాలి. పైన హట్లలో దొరికే కైజర్‌ష్మారెన్ అనే తీపి వంటకంలో గుడ్లు ఉంటాయి. తినని పెద్దవాళ్లకు పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ తీసుకెళ్లండి.

చివరగా సంఘం సభ్యులందరికీ ఒక విన్నపం. పిల్లలకు పొట్టివైపోయిన స్కీలు, బిగుతైన బూట్లు, జాకెట్లు అటక మీద పడేయకండి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇవ్వండి. దెబ్బ తగిలిన హెల్మెట్ మాత్రం ఎవరికీ ఇవ్వద్దు. స్కీ వచ్చిన ప్రతి కుటుంబం ఈ ఏడు ఒక కొత్త కుటుంబాన్ని తమ వెంట తీసుకెళ్లాలి. ముఖ్యంగా అమ్మలకు చెబుతున్నాం: బ్యాగులకు కాపలాగా కింద కూర్చోకండి. పిల్లలతో పాటే మీరూ బిగినర్స్ కోర్సులో పేరు రాయించండి.